గ్రిజెల్ టోపీలో ఈగ

రోరీ హాస్వెల్ బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడగానే బెతియా డాడ్స్‌కి అర్థమైపోయింది, వీడేదో అడగడానికే వచ్చాడని. ఊరికే ఒకరింటికి వెళ్ళినవాడు హాస్వెల్ వంశంలో ఇంతవరకూ పుట్టలేదు. వీడి తాత నినియన్ అయితే ఆదివారం చర్చి మెట్ల మీద ఎదురుపడినా తన దగ్గర పనిచేసే ఆడపిల్లల ముఖం చూసేవాడు కాదు. మనవడు మాత్రం టోపీ తీశాడు, బూట్లు తుడుచుకున్నాడు, పొయ్యి పక్కన పడుకున్న పిల్లిని కూడా పలకరించాడు. పిల్లి లేచి అవతలి గదిలోకి పోయింది. స్టెయిన్‌రిగ్ ఊరు మొత్తం మీద బుద్ధి ఉన్నది ఆ పిల్లికొక్కదానికేనని బెతియా ఎప్పుడూ అంటూనే ఉంటుంది.

"ఎంత బావున్నారండీ మిస్ డాడ్స్! ఎనభై దాటాయంటే ఎవరూ నమ్మరు."

"నమ్మకపోతే పోనీ. ఏం కావాలో చెప్పు. ఆ కుర్చీలో కాదు, అది పిల్లిది."

టీ పెడుతున్న లోర్నా "పిన్నీ!" అని గదిమింది. లోర్నా బెతియా అక్క గ్రిజెల్ కూతురు. మొన్న చలికాలంలో గ్రిజెల్ పోయిన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం వచ్చి పిన్నికి ఇంత వండిపెట్టి వెళ్తోంది. ఆ పిల్లకి తల్లి నెమ్మది వచ్చింది గానీ పిన్ని నోరు రాలేదు. అది లోపమని బెతియా, అదృష్టమని ఊళ్ళోవాళ్ళూ అనుకుంటారు.

రోరీ గొంతు సవరించుకుని సంగతి చెప్పాడు. వచ్చే శనివారం టౌన్‌హాల్లో ప్రదర్శన పెడుతున్నాడట. దాని పేరు 'నినియన్ హాస్వెల్, ట్వీడ్ నది మహాశిల్పి' అట. పాత ఈగలు సేకరించే పెద్దమనుషులు లండన్ నుంచీ నార్వే నుంచీ పనిగట్టుకుని వస్తున్నారట.

"శిల్పా?" అంది బెతియా. "మీ తాతా? బూటు లేసు ముడెయ్యడానికి పెళ్ళాన్ని కేకేసేవాడు నాయనా ఆయన. వంగితే పొట్ట అడ్డమొచ్చేది."

ఈగలంటే తినే తిండి మీద వాలేవి కావు. సాల్మన్ చేపని పట్టే గాలానికి ఈకలూ పట్టుదారమూ జరీ చుట్టి కట్టేవి. పేరుకి ఈగే గానీ లోకంలో ఏ ఈగా అంత ముస్తాబు చేసుకోదు. బంగారు నెమలికోడి తురాయి, లకుముకి రెక్క, ఇండియా నుంచి వచ్చే అడవికోడి మెడ ఈక, ఇవన్నీ చిటికెన వేలంత ఇనప కొక్కెం మీద కుదురుగా కూర్చోవాలి. ఒక్క ఈక పక్కకి ఒరిగినా నీళ్ళలో ఈగ తలకిందులైపోతుంది. ఆ ఈగలమ్మే కొట్టు హాస్వెల్‌ది. ముందు గదిలో నినియన్ దొరలతో కలిసి సిగార్లు కాలుస్తూ కోతలు కోసేవాడు. వెనక గదిలో అద్దాల కప్పు కింద పొడుగాటి బల్ల దగ్గర ఆడపిల్లలు కూర్చుని కట్టేవాళ్ళు, వాళ్ళలో గ్రిజెల్, బెతియా కూడా. బడి మానేసిన ఏడు చేరితే పెళ్ళయ్యేదాకానో కళ్ళు మసకబారేదాకానో అక్కడే ఉండాలి. అట్టపెట్టె మీద మాత్రం 'నినియన్ హాస్వెల్ కట్టినది' అని బంగారు అక్షరాలతో అచ్చు పడేది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో ఆ కొట్టు చూసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

"అదికాదు మిస్ డాడ్స్," అన్నాడు రోరీ, ఏమీ వినపడనట్టు. "గ్రిజెల్ గారి టోపీకి ఒక 'లేడీ మార్జొరీ' రకం ఈగ ఉండేది చూశారూ, అది ప్రదర్శనకి ఇప్పిస్తారేమోనని. అంత్యక్రియల రోజు శవపేటిక మీద ఆ టోపీ పెట్టారు కదా, అప్పుడు చూశాను. నేను ఫోటో పంపితే లండన్‌లో ఈగలు సేకరించే టన్‌స్టాల్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. లోకంలో మిగిలిన లేడీ మార్జొరీలన్నిట్లోకీ అదే ఉత్తమమట."

బెతియాకి ఒళ్ళు మండిపోయింది. అక్క పెట్టె మీద టోపీ చూసి అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే ఈ పీనుగు ఫోటో తీసుకుంటున్నాడన్నమాట.

"ఇస్తాం," అంది. "దాని కింద ఏమని రాస్తావు?"

"ఏముందండీ, 'నినియన్ హాస్వెల్ స్వహస్తాలతో కట్టినది. నమ్మకస్తురాలైన పనిమనిషికి కానుక' అని..."

"గ్రిజెల్ డాడ్స్ కట్టిందని రాయి. అప్పుడిస్తాం."

రోరీ చిన్నపిల్లల్ని బుజ్జగించేవాడిలా నవ్వాడు. ఆ నవ్వు వీళ్ళ వంశానికే ఉంది, ముందు పళ్ళు రెండూ బయటికొస్తాయి. "మీ అభిమానం నాకర్థమవుతుంది. కానీ ఆధారం ఉండాలి కదండీ. టన్‌స్టాల్ గారు పనితనం చూసి ఎవరి చెయ్యో చెప్పేస్తారు. అది తాతగారి చెయ్యే అంటున్నారు."

"మీ తాతగారి చెయ్యి మా ఆడపిల్లల నడుముల మీద తప్ప ఈగల మీద పడగా నేను చూళ్ళేదు."

లోర్నా చేతిలో టీ ఒలికింది. రోరీ ఎర్రబడి లేచి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. బిస్కెట్ల డబ్బా మాత్రం బెతియా తిరిగి ఇవ్వలేదు.

అతను సందు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి బెతియా ఇటు తిరిగింది. ఆవిడ కళ్ళలో మెరుపు చూస్తే లోర్నాకి భయమేసింది.

"ఆధారం కావాలిట వెధవకి! ఆధారం ఆ ఈగ మెడలోనే ఉంది."

"ఏమిటి పిన్నీ?"

"మేస్త్రమ్మ ఒకావిడ ఉండేదిలే, మిసెస్ క్రాన్‌స్టన్ అని. దయ్యానికి గౌను తొడిగితే ఆవిడే. అమ్మిన ఈగ ఊడిపోయి తిరిగొచ్చిందనుకో, ఎవరి బుర్ర పగలగొట్టాలో తెలియాలి కదా? అందుకని ఒక్కో పిల్లకి ఒక్కో రంగు పట్టుదారం ఇచ్చింది. రెక్కలు కట్టేటప్పుడు మెడ దగ్గర ఆ రంగుతో బిగించాలి. దాని మీద నల్లదారం చుట్టి వార్నీషు పూసేస్తే పైకి ఏమీ కనపడదు. తిరిగొచ్చినప్పుడు నల్లది విప్పి చూస్తే ఎవరిదో తేలిపోతుంది. నాది పసుపు. మీ అమ్మది ఎరుపు. నినియన్ మహాశిల్పికి రంగే లేదు. బల్ల దగ్గర కూర్చుంటే కదా!"

"అంటే... విప్పాలా?" అంది లోర్నా. "విప్పితే మళ్ళీ కట్టలేం కదా పిన్నీ. ఈక పొడైపోతుంది. అమ్మది అదొక్కటే మిగిలింది నాకు."

అది నిజమే. పెళ్ళికి వెళ్ళినా పీనుగు లేచిన ఇంటికి వెళ్ళినా గ్రిజెల్ తలమీద ఆ గోధుమరంగు టోపీ, టోపీ పట్టీకి ఆ ఈగ ఉండాల్సిందే. చిన్నప్పుడు లోర్నా చర్చిలో ప్రసంగం వింటూ ఆ ఈగని చూస్తూనే నిద్రపోయేది. గ్రిజెల్ పోయాక టోపీని మెత్తటి కాగితంలో చుట్టి బీరువాలో దాచుకుంది.

"అద్దం వెనక ఆ దొంగ పేరుతో వేలాడితే నీకు మిగిలినట్టా?" అంది బెతియా. "అక్క వేళ్ళు చూశావుగా? చివరి రోజుల్లో చెంచా పట్టుకోలేకపోయేది. ఆ దారం లాగీ లాగీ అలా అయ్యాయవి. పనంతా తనది, పేరు వాడిదా? నేను బతికుండగా ఒప్పుకోను లోర్నా. నేను పోతే ఈ సంగతి చెప్పడానికి ఇంకెవరూ లేరు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో మిగిలింది నేనే."

లోర్నా, "అది అమ్మ కట్టిందేనని నీకు ఖాయమా? అమ్మ ఎప్పుడైనా చెప్పిందా?" అని అడిగింది.

"మీ అమ్మ గొప్పలు చెప్పుకునే రకమా పిచ్చిదానా? నువ్వు కట్టిందేనా అంటే నవ్వేసేది. 'మన బల్ల మీద పుట్టినవాటిలో ఇంత మంచిది ఇంకోటి లేదు బెతీ' అనేది. అంతకంటే ఏం చెప్పాలి? అయినా నాకొకరు చెప్పాలా? గది అవతలి నుంచి చూసి ఎవరి చెయ్యో చెప్పేస్తాను. గ్రిజెల్ కాకపోతే ఎవరు కడతారు అలాంటిది? జెస్సీయా? దాని ఈగలు నీళ్ళలో పడితే బాతుల్లా ఉండేవి. మాగీ చేతికి చెమట, జరీ నల్లబడిపోయేది. ఇక ఆ దుంపలది..." బెతియా నవ్వింది. "దాని గురించి చెప్పుకోకపోతేనే మంచిది."

దుంపలదంటే ఎఫీ పర్వెస్. కొండ అవతల దుంపల చేలల్లో కూలికి వెళ్ళే ఇంటి నుంచి వచ్చింది. చేతులు పగిలిపోయి, గోళ్ళలో మట్టితో, గౌనుకి గొర్రెల కంపుతో మొదటి రోజు గదిలోకి వచ్చినప్పుడు బెతియా గట్టిగా ముక్కు మూసుకుంది. పిల్లలందరూ పకపకా నవ్వారు. దానికి మిగిలిన రంగు ఆకుపచ్చ. ఆకుపచ్చ అరిష్టమని ఎవరూ ముట్టుకోలేదు గనక చివర వచ్చినదానికి అంటగట్టారు. కూర్చునే చోటూ అంతే, బల్లకి అటు చివర, చలిగాలి కొట్టే తలుపు పక్కన. ఆ పగిలిన వేళ్ళకి పట్టుదారం పీచులు లేచిపోతాయని, అది కట్టిన ఈగతో చేప కాదు కదా జలుబు కూడా పట్టదని బెతియా రోజూ ఒక మాట అనేది. ఎఫీ తిరిగి ఒక్కమాటా అనేది కాదు. అదీ బెతియాకి లోకువే. గ్రిజెల్ మాత్రం మధ్యాహ్నం వెళ్ళి దాని పక్కన కూర్చుని తన రొట్టెలో సగం పెట్టేది. అక్కకి జాలిగుండె, వీధికుక్కలకీ పెడుతుంది అనుకునేది బెతియా. యుద్ధం అయిపోయాక ఎఫీ ఒక గొర్రెల కాపరిని చేసుకుని కొండల్లోకి వెళ్ళిపోయింది. అక్కడే పోయిందని విన్నారు.

మర్నాడు లోర్నా కాగితపు పొట్లం తెచ్చి బల్లమీద పెట్టింది. "అమ్మ పేరు ఉండాలి పిన్నీ," అంది. "నువ్వంత ఖాయంగా చెప్తున్నావు గనక విప్పు."

శనివారం టౌన్‌హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. రోరీ గోడలనిండా తాతగారి ఫోటోలు వేలాడగట్టాడు. నినియన్ చేపతో, నినియన్ దొరతో, నినియన్ దొరగారి కుక్కతో. మా తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అన్నట్టు ప్రతి ఫోటో పక్కనా మనవడు నిలబడి వచ్చినవాళ్ళకి ముఖం చూపిస్తున్నాడు. అద్దాల పెట్టెల్లో వెల్వెట్ మీద ఈగలు వరసగా ఉన్నాయి. వాటి మీద సేకర్తలు భూతద్దాలతో వంగి గుసగుసలాడుకుంటున్నారు. అందరూ జాలర్ల కోట్లు వేసుకున్నారు, ఒక్క కోటు మీదా బురద మరకైనా లేదు. వీళ్ళలో ఒక్కడైనా మోకాలి లోతు నీళ్ళలో దిగి ఉంటే నా పేరు మార్చుకుంటాను అంది బెతియా లోర్నాతో, పదిమందికీ వినపడేలా. చేపకోసం పుట్టినదాన్ని గాజు వెనక బిగించి దణ్ణాలు పెట్టేవాళ్ళంటే ఆవిడకి మొదట్నుంచీ అసహ్యం. ఈగ పనికి వెళ్ళాలి, తడవాలి, చిరగాలి. కూర్చోబెట్టి మేపుతారా ఎక్కడైనా?

రోరీ పరిగెత్తుకొచ్చాడు. మధ్యలో ఒక పెట్టె ఖాళీగా ఉంది. దాని కింద ఇత్తడి రేకు మీద 'నినియన్ హాస్వెల్ స్వహస్తాలతో' అని అప్పుడే చెక్కించేశాడు.

"మీరు వస్తారని నాకు తెలుసు! వీరు టన్‌స్టాల్ గారు."

టన్‌స్టాల్ తెల్లగా, మెత్తగా, పిండి పిసికి చేసిన మనిషిలా ఉన్నాడు. లోర్నా చేతిలోని టోపీ వైపు చూసి, గుళ్ళోకి వచ్చినవాడిలా గొంతు తగ్గించాడు. "ఆ ఈగ తల చూడండి! ఎంత చిన్నది! ఇంకొకడైతే దానికి రెట్టింపు దారం చుడతాడు. చేయి దాగదండీ. ఇది హాస్వెల్ చెయ్యి. చీకట్లో చూపించినా చెప్తాను."

"చీకట్లోనే చెప్తారు మీలాంటివాళ్ళు," అంది బెతియా. "నేనో రెండు ముక్కలు మాట్లాడాలి రోరీ. మైకు అక్కర్లేదు."

రోరీకి కాదనే వీలు లేదు, కొట్టులో పనిచేసినవాళ్ళలో మిగిలిన చివరి మనిషి మాట్లాడతారని తనే పోస్టర్లలో వేసుకున్నాడు. ఊరి మేయరు కుర్చీ వేయించాడు. బెతియా కుర్చీలో కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, అందరికీ రంగుదారాల సంగతి చెప్పింది. ఎవరి రంగు ఏదో మాత్రం చెప్పలేదు. ముందే చెప్తే మజా ఏముంది?

"ఈ మెడ కింద ఏ రంగున్నా సరే, అది వెనక గదిలో ఒక ఆడపిల్ల కట్టింది. రంగేమీ లేకుండా నల్లదారమే ఉంటే నినియన్‌ది. అప్పుడు నేనే వాడి ఫోటోకి దణ్ణం పెట్టి ఇంటికి పోతాను."

బ్లేడు బయటికి తీసేసరికి హాలంతా ఉలిక్కిపడింది. టన్‌స్టాల్ "వద్దు!" అని కేకపెట్టాడు. రోరీ ముందుకొచ్చి, "ఇది చరిత్ర అండీ! మీకు హక్కు లేదు!" అన్నాడు.

"హక్కు నాది," అంది లోర్నా. "టోపీ మా అమ్మది. విప్పు పిన్నీ."

బెతియా పట్టీలోంచి ఈగని తీసి ఎడమ చేతి వేళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. ఎంత వయసొచ్చినా ఆ పట్టు మాత్రం పోలేదు. వార్నీషు పొరని మెల్లగా గీకింది, నల్లదారం కొస పట్టుకుని సూదితో లేపింది. విప్పుతూ ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"చూశారా, ఎంత తక్కువ దారమో? ఇంత తక్కువతో ఇన్ని ఈకల్ని నిలబెట్టడం నావల్ల కాలేదు. చెప్పడానికి నాకు సిగ్గేం లేదు. ఈ పెద్దమనిషి చీకట్లో చెప్తానన్నాడే, వెలుతురులో చూడమనండి! ఇది మా అక్క చెయ్యి. ఆ గదిలో ఇంకెవరికీ ఇలాంటి చెయ్యి లేదు."

అడవికోడి ఈక జారి ఒళ్ళో పడింది. బంగారు తురాయి విడిపోయి, తాకగానే పొడి అయింది. లోర్నా కళ్ళు మూసుకుంది. ఆఖరి నల్ల చుట్టు ఊడి వచ్చింది.

కింద దారం ఆకుపచ్చగా ఉంది.

ముందు వరసలోవాళ్ళు చూసి వెనకవాళ్ళకి చెప్పారు. "రంగుంది! ఆకుపచ్చ!" హాలంతా చప్పట్లు. మేయరు, "అయితే నినియన్ గారిది కాదన్నమాట!" అని నోరు జారి నాలిక కరుచుకున్నాడు. రోరీ ముఖం పాలిపోయింది. టన్‌స్టాల్ జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ బెతియా కలగన్నది సరిగ్గా ఇదే. కానీ ఆవిడ వాళ్ళ వైపు చూడనేలేదు. ఆ దారం వైపే చూస్తోంది. రంగు కొంచెం కూడా వెలవలేదు. మొన్న చుట్టినట్టే ఉంది, ఒక్క పీచు కూడా లేవలేదు.

లోర్నా కళ్ళు తెరిచింది. కన్నీళ్ళతో నవ్వుతూ వంగి, "ఇదేనా పిన్నీ? అమ్మ రంగు ఇదేనా?" అంది. తల్లి రంగు ఎరుపని విన్న సంగతే ఆ సంబరంలో మర్చిపోయింది. లేకపోతే పిన్నికే పొరపాటు వచ్చి ఉంటుందనుకుందేమో.

ఒక్కసారి తలూపితే చాలు. అడిగేవాళ్ళు లేరు, తెలిసినవాళ్ళు లేరు. జెస్సీ పోయింది, మాగీ పోయింది, క్రాన్‌స్టన్ నరకంలో మేస్త్రీ పని చేస్తూ ఉంటుంది. తలూపితే రేపు ఆ ఇత్తడి రేకు మీద గ్రిజెల్ డాడ్స్ అని ఉంటుంది. రోరీ నోరు చచ్చినట్టు మూసుకుంటాడు. ఉన్న ఒక్క గుర్తూ పాడుచేసుకున్నందుకు లోర్నాకి ఏదో ఒకటి దక్కుతుంది.

బెతియా తల నిజంగానే కొంచెం కదిలింది కూడా. అప్పుడు గ్రిజెల్ మాట గుర్తొచ్చింది. మన బల్ల మీద పుట్టినవాటిలో ఇంత మంచిది ఇంకోటి లేదు బెతీ. తనదని గ్రిజెల్ ఎప్పుడూ అనలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పింది. రొట్టె పెట్టడానికి కాదు, ఆ పగిలిన వేళ్ళు ఏం చేస్తున్నాయో దగ్గర్నుంచి చూడ్డానికే తలుపు పక్కన కూర్చుంది. చూసి, అడిగి తెచ్చుకుని, బతికినన్నాళ్ళూ తలమీద పెట్టుకు తిరిగింది. పక్కనే నడుస్తూ బెతియా ఆ ఈగని మెచ్చుకుంటూనే ఉంది, దుంపలదాన్ని తిడుతూనే ఉంది. గ్రిజెల్ నవ్వేసి ఊరుకునేది. ఆ నవ్వు ఎందుకో ఇప్పుడు తెలిసి బెతియాకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. టన్‌స్టాల్ తనకి తెలిసిన పేరు పట్టుకుని ఆ పేరుగలవాడి చెయ్యన్నాడు. తనూ అదే చేసింది. వాడికైనా ఆ బల్ల చివర ఎవరు కూర్చున్నారో తెలీదు, తనకి తెలుసు.

"కాదు," అంది బెతియా.

చప్పట్లు ఇంకా పడుతున్నాయి. ఆవిడ చేతికర్రతో నేలమీద గట్టిగా కొట్టింది. "ఆపండి! సర్కసా ఇది? మా అక్కది ఎరుపు. ఆకుపచ్చ ఎఫీ పర్వెస్‌ది."

హాలు సద్దుమణిగింది. ఎవరికీ ఆ పేరు తెలీదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఎవరు పిన్నీ ఆవిడ?" అంది లోర్నా.

"దుంపల చేలల్లోంచి వచ్చింది. బల్ల చివర, తలుపు దగ్గర కూర్చోబెట్టాం. దాని చేతులు చూసి నవ్వేదాన్ని నేను. అది కట్టిన ఈగ ఒక్కటైనా చేతిలోకి తీసుకుని చూడలేదు." బెతియా ఒళ్ళోని ఈకల వైపు చూసింది. "ఇప్పుడే చూశాను. విప్పేశాక."

రోరీకి ప్రాణం లేచొచ్చినట్టుంది. ఒకడుగు ముందుకేసి, "అయితే మిస్ డాడ్స్, మీరే పొరబడ్డారంటే... చేయి చూసి చెప్పడం అంత తేలిక కాదని మీరూ..." అని మొదలుపెట్టాడు.

"నోర్ముయ్యి. నేను పొరబడితే నీ తాత శిల్పి అయిపోతాడా? పెన్ను తియ్యి."

"దేనికండీ?"

"పేరు రాసుకో. ఎఫీ పర్వెస్. ఆ ఇత్తడి రేకు పీకేసి ఈ పేరు చెక్కించు. ఈగ లేదు కదా అంటావేమో, ఈ దారం పెట్టు పెట్టెలో. ఇదొక్కటి చాలు."

రోరీ టన్‌స్టాల్ వైపు చూశాడు. టన్‌స్టాల్ భూతద్దం జేబులో పెట్టేసుకుని నేల చూపులు చూస్తున్నాడు. మేయరు అందించిన కాగితం మీద రోరీ ఆ పేరు రాసుకున్నాడు.

లోర్నా నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, పిన్ని ఒళ్ళోంచీ కాళ్ళ దగ్గర్నుంచీ మిగిలిన ఈకల్ని ఒక్కొక్కటే ఏరి చేతిరుమాల్లో వేసుకుంటోంది. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. ఆ పిల్ల ఏడుస్తోందేమోనని బెతియాకి భయంగా ఉంది, అడగడానికి ధైర్యం లేదు. క్షమించమనే మాట ఆవిడ నోటికి అలవాటు లేదు.

రుమాలు ముడేసి లోర్నా లేచి నిలబడింది. ఖాళీ టోపీ చేతిలోకి తీసుకుని, ఈగ ఉండే చోట పట్టీ మీద పడ్డ మచ్చని బొటనవేలితో రాసింది.

"అమ్మకి తెలుసు కదూ పిన్నీ, అది ఎవరిదో?"

"తెలుసు," అంది బెతియా. "మీ అమ్మకి కళ్ళున్నాయి తల్లీ. నాకు నోరొక్కటే ఉంది."